మందు – మోతాదు – మనిషి
(సహవైద్య కోర్సుల మిత్రుల కోసం ఔషధశాస్త్రంలో తొలి పాఠాలు)

తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

మన తెలుగులో "మందు" అనే మాట చాలా గడుసుది. జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తి మీద కొట్టేదీ మందే. చేనుకు చల్లే యూరియా బస్తాను కూడా మా ఊళ్లో మందు కట్ట అనే అంటారు. ఎలకల మందు, చెదల మందు, దీపావళికి మతాబాల్లో కూరే మందు సరేసరి. చివరికి పొద్దుగూకిన తర్వాత కొందరు పెద్దమనుషులు చాటుగా పుచ్చుకునేదీ మందే! ప్రాణం నిలిపేదానికీ, ప్రాణం తీసేదానికీ ఒకే మాటేమిటి, ఇది మన భాషలో పేదరికం కాబోలు అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం రెండేళ్లు చదివాక అది పేదరికం కాదనీ, అనుభవమనీ తెలిసింది. గ్రీకు భాషలో "ఫార్మకాన్" అన్నా మందూ, విషమూ రెండర్థాలూ ఉన్నాయి. ఫార్మకాలజీ అనే పేరు ఆ మాటలోంచే వచ్చింది.

మా గదిలో మేం నలుగురం. ఒకడు ల్యాబ్ టెక్నాలజీ, ఒకడు ఫిజియోథెరపీ, ఒకడు రేడియాలజీ, నేనేమో బి.ఎస్సీ. పరీక్షల ముందు వాళ్లు ముగ్గురూ ఫార్మకాలజీ నోట్సు బట్టీ పడుతుంటే, "ఒరేయ్, ఇది బట్టీ పట్టేది కాదురా, మా చేలో జరిగేదే" అని నేను చెప్పబోయేవాణ్ణి. "అయితే రాసి పెట్టు" అన్నారు. అలా పుట్టింది ఈ వ్యాసం. తప్పులుంటే గురువులు దిద్దగలరని ప్రార్థన.

రెండో మూత

నేను ఇంటర్ రెండో సంవత్సరం చదివే రోజుల మాట. పత్తికి పురుగు పట్టింది. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. మా నాయన చొక్కా విప్పి, తలకు తువ్వాలు చుట్టి ట్యాంకు వీపున వేసుకున్నాడు. కాలవ నుంచి నీళ్లు మోసి మందు కలిపే పని నాది. ట్యాంకుకు ఒక మూత పోయాలి. "ఒక మూతకేం చస్తుందిరా ఈ పురుగు, ఇంకో మూత పొయ్యి" అన్నాడు నాయన. పోశాను. ఆ రెండో మూత పోసింది నేనే. ఈ సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

ట్యాంకు కారి వీపంతా తడిసింది. నాజిల్‌లో నలుసు అడ్డం పడితే నోటితో ఊదాడు. గాలికి ఎదురు నడిచాడు. నాలుగు ట్యాంకులు అయ్యేసరికి నోట్లో నీళ్లూరుతున్నాయన్నాడు. కళ్లవెంట నీళ్లు, ఒళ్లంతా చెమట, వాంతి, ఆ తర్వాత గట్టు మీద కూలబడ్డాడు. ఛాతీలో గురగుర. చేతి కండలు చర్మం కింద వానపాముల్లా కదులుతున్నాయి. బాబాయి 108కి ఫోను చేశాడు.

పట్నం ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి మాట: "ఏం మందు కొట్టారు? సీసా ఏది?" మేం తేలేదు. తమ్ముడు సీసా మీది చీటీ ఫోటో తీసి పంపాడు. ఆర్గానోఫాస్ఫరస్ జాతి. వెంటనే నాయన బట్టలు తీసేసి, ఒళ్లంతా సబ్బు నీళ్లతో కడిగారు. టార్చి వేసి చూస్తే కంటిపాపలు గుండుసూది మొనలంత ఉన్నాయి. అట్రోపిన్ సూదులు మొదలుపెట్టారు. ఒకటి, రెండు, నాలుగు... ఖాళీ ఆంపూళ్లు ట్రేలో గుట్టపడుతున్నాయి. నేను లెక్కపెట్టుకుంటూ ముప్పైకి వచ్చేసరికి భయమేసింది. "సిస్టర్, ఇన్ని సూదులా?" అన్నాను. ఆవిడ స్టెతస్కోపు నాయన ఛాతీ మీదినుంచి తీయకుండానే అంది: "లెక్క ఆంపూళ్లకు కాదు బాబూ, ఊపిరితిత్తులకు. అక్కడి తడి ఆరేదాకా ఇస్తాం."

నాకు ఔషధశాస్త్రంలో మొదటి పాఠం అదే. దాని అర్థం పూర్తిగా బోధపడటానికి మూడేళ్లు పట్టింది.

మందు చేసే ప్రయాణం

మందు ఏదైనా ఒంట్లో దానికి నాలుగు మజిలీలు: శోషణ, వితరణ, జీవక్రియ, విసర్జన. అంటే లోపలికి పోవడం, ఒళ్లంతా పాకడం, రూపు మారడం, బయటికి పోవడం. ఒళ్లు మందును ఏం చేస్తుందో చెప్పే ఈ శాఖను ఫార్మకోకైనెటిక్స్ అంటారు. మందు ఒంటిని ఏం చేస్తుందో చెప్పేది ఫార్మకోడైనమిక్స్.

శోషణ: మందు తాగితేనే లోపలికి పోతుందని మా ఊళ్లో నమ్మకం. "నేను తాగలేదు గదరా, ఒంటి మీద పడిందంతే" అని నాయన తర్వాత ఎన్నిసార్లన్నాడో! కొవ్వులో కరిగే స్వభావమున్న పదార్థానికి చర్మం పెద్ద గోడేమీ కాదు. ఎండకు విచ్చుకున్న రక్తనాళాలు, చెమటకు నానిన చర్మం దానికి ఇంకా సులువు. ఆసుపత్రిలో మందు ఎక్కించే ముందే ఒళ్లు కడగడం అందుకే. వచ్చే దారి మూయకుండా లోపల ఎంత పోరాడినా దండగ.

నోటితో మింగిన మాత్రకు ఇంకో చిక్కుంది. పేగుల్లోంచి రక్తంలోకి చేరిన మందు గుండెకు చేరేముందు కాలేయం గుమ్మం తొక్కాలి. మార్కెట్ యార్డుకు పోయే బండికి దారిలో చెక్‌పోస్టు లాంటిదన్నమాట. కొన్ని మందుల్లో చాలా భాగాన్ని కాలేయం అక్కడే విరిచేస్తుంది. ఛాతీనొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్రను నాలుక కింద పెట్టుకోమనడంలో రహస్యం ఇదే. నాలుక కింది రక్తనాళాల ద్వారా పోతే ఆ చెక్‌పోస్టు తప్పుతుంది. అంచేత దారి మారితే మోతాదు అర్థమూ మారుతుంది. "మాత్ర కంటే సూది పవరు" అనే మాట సగమే నిజం. సూదిలో ఉన్నదంతా రక్తంలోకి చేరుతుంది, త్వరగా చేరుతుంది. కానీ మాత్రతో సరిపోయే రోగానికి అదనంగా ఒరిగేదేమీ లేదు. పైగా పొరపాటు జరిగితే వెనక్కి తీయలేం.

కడుపులో మందుకు తోడు ఏముందో కూడా చూడాలి. టెట్రాసైక్లిన్‌ను పాలతో మింగితే పాలలోని కాల్షియం దాన్ని పట్టి కట్టేస్తుంది. మాత్ర ఖర్చూ పోయె, పాలూ పోయె.

వితరణ: రక్తంలో చేరిన మందు అన్నిచోట్లకూ సమానంగా పోదు. మెదడు చుట్టూ గట్టి కాపలా ఉంది. కొవ్వులో కరిగేవి దాన్ని దాటుతాయి, మిగతావి చాలావరకు దాటలేవు. అట్రోపిన్ దాటుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపటిలో దీనితో పనుంది.

జీవక్రియ, విసర్జన: కాలేయం మందును నీళ్లలో కరిగే రూపానికి మారుస్తుంది. మూత్రపిండాలు దాన్ని బయటికి తోస్తాయి. అందుకే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్న రోగి విషయంలో మామూలు మోతాదు కూడా మామూలు కాదు. మార్పు ఎప్పుడూ మేలుకే అనుకోరాదు. పారాసెటమాల్‌లో కొద్ది భాగం కాలేయంలో విషంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని వెంటనే పట్టి నిర్వీర్యం చేస్తుంది. మోతాదు మితిమీరితే ఆ నిల్వ అయిపోయి కాలేయ కణాలే బలవుతాయి. దానికి విరుగుడుగా ఇచ్చే ఎన్-అసిటైల్ సిస్టీన్ చేసే పని ఆ నిల్వను తిరిగి నింపడమే.

ఆర్టీసీ బస్సులో కండువా

మందు కణం మీద ఎక్కడ పనిచేస్తుంది? 1905లో లాంగ్లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు నికోటిన్, క్యురారేలతో ప్రయోగాలు చేసి, కణంలో మందును అందుకునే ప్రత్యేక పదార్థం ఒకటి ఉండాలన్నాడు. జర్మనీలో పాల్ ఎర్లిక్ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే అటువంటి ఆలోచన చేశాడు. దాన్నే ఇప్పుడు రిసెప్టార్, తెలుగులో గ్రాహకం అంటున్నాం.

1921లో ఆటో లోవీ రెండు కప్పగుండెలు తీసుకున్నాడు. మొదటిదాని వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు ఇస్తే అదీ నెమ్మదించింది. అంటే నాడి చెప్పే కబురు ఒక రసాయనమన్నమాట! ఆ రసాయనం అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టి మన ఆర్టీసీ బస్సు ఎక్కుదాం. గ్రాహకాలు సీట్లు. అసిటైల్‌కోలిన్ ప్రయాణికుడు. అతను సీట్లో కూచుంటేనే పని జరుగుతుంది: నోట్లో లాలాజలం ఊరుతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి గొట్టాలలో తడి పుడుతుంది, కంటిపాప ముడుచుకుంటుంది. పనైన వెంటనే అతన్ని దించేయడానికి కండక్టరున్నాడు. ఆ కండక్టరే కోలినెస్టరేజ్ అనే ఎంజైము. ఆర్గానోఫాస్ఫరస్ మందు చేసే దుర్మార్గమల్లా ఆ కండక్టరు చేతులు కట్టేయడమే. దిగేవాడు లేడు, ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. పురుగులోనూ ఇదే, మా నాయనలోనూ ఇదే. నరాలున్న ప్రాణులన్నిటికీ ఒకే బస్సు!

అట్రోపిన్ ఏం చేస్తుంది? కిటికీలోంచి సీటు మీద కండువా వేస్తుంది. సీటు నిండినట్టే, కాని ప్రయాణం లేదు. గ్రాహకంలో కూచుని పనిచేసేదాన్ని అగోనిస్టు అనీ, కూచుని పనిచేయకుండా చోటు మాత్రం ఆక్రమించేదాన్ని యాంటగోనిస్టు అనీ అంటారు. జనం ఎంత ఎక్కువుంటే అన్ని కండువాలు కావాలి. ముప్పై ఆంపూళ్ల లెక్క ఇదీ! ఒక్కో ఆంపూలులో 0.6 మిల్లీగ్రాములు. మామూలు రోగికి ఒకటే చాలు. నాయన విషయంలో మాత్రం, ఒంట్లో పేరుకుపోయిన అసిటైల్‌కోలిన్‌తో పోటీ పడాలి కాబట్టి, అంత పడుతుంది.

కట్టేసిన కండక్టరు చేతులు విప్పడానికి ప్రాలిడాక్సిమ్ అనే మందుంది. అయితే కొంత సమయం గడిస్తే ఆ ముడి బిగుసుకుపోయి ఇక విప్పడానికి రాదు. అందుకే ఆలస్యం కూడదు. ఇంకొకటి: నరాలు కండరాలను కలిసే చోట సీట్లు వేరే రకం. అక్కడ అట్రోపిన్ కండువా నిలవదు. నాయన చేతికండలు కదిలింది ఆ సీట్ల వల్లే. ఊపిరి తీయించే కండరాలు అలిసిపోతే వెంటిలేటరే దిక్కు. దేవుడి దయ, మాకు అంతవరకు రాలేదు.

చిత్రమేమిటంటే, అట్రోపిన్ బెల్లడోనా మొక్కలో ఉంది. మా పొలం గట్టు మీది ఉమ్మెత్తలోనూ అదే కుటుంబపు పదార్థాలున్నాయి. ఉమ్మెత్త తిన్నవాడికి నోరెండిపోయి, కంటిపాపలు విచ్చుకుని, పిచ్చిపట్టినట్టవుతుంది. అంటే ఒక విషానికి విరుగుడు ఇంకో విషం. అట్లాగని పురుగుమందు పడ్డవాడికి ఎవరూ ఉమ్మెత్త ఇవ్వరాదు. కాయలో ఎంతుందో కొలవలేం గదా. మొక్కకూ, మందుకూ తేడా ఆ కొలతే.

గాలిలో పత్తి తీసిన రాత్రి

పదహారో శతాబ్దంలో స్విట్జర్లాండుకు చెందిన పారాసెల్సస్ అనే వైద్యుడు అన్ని పదార్థాలూ విషాలే, విషం కాకుండా చేసేది మోతాదు మాత్రమే అన్న అభిప్రాయం చెప్పాడు. దీన్ని మా ఇంట్లో కళ్లారా చూశాం.

ఆ రాత్రికి నాయన ఛాతీలో గురగుర తగ్గింది. తెల్లవారుజామున మాత్రం లేచి కూచుని దుప్పటి మీద, గాలిలో ఏదో ఏరుతున్నాడు. రెండు చేతులతో ఏరి ఒళ్లో వేసుకుంటున్నాడు. "ఏం చేస్తున్నావయ్యా?" అని అమ్మ అడిగితే "పత్తి తీస్తున్నా, కనపడట్లా?" అన్నాడు. ముఖం ఎర్రగా, ఒళ్లు వేడిగా, నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అమ్మ ఏడుపందుకుంది. సిస్టర్ వచ్చి చూసి డాక్టరుగారిని పిలిచింది. అట్రోపిన్ తగ్గించారు. మధ్యాహ్నానికి పత్తి తీయడం మానేశాడు. అట్రోపిన్ మెదడు కాపలాను దాటుతుందని ఇందాక చెప్పానే, అదీ సంగతి. విషానికి తక్కువైతే ఊపిరితిత్తుల్లో మునక, ఎక్కువైతే గాలిలో పత్తి. ఈ రెంటి మధ్య దారి కనిపెట్టడమే ఆ రాత్రంతా వాళ్లు చేసిన పని.

ఈ మధ్య దారి ఎంత వెడల్పో చెప్పేదే థెరప్యూటిక్ ఇండెక్స్. సగం మందిలో గుణమిచ్చే మోతాదుకూ, సగం మందిలో హాని చేసే మోతాదుకూ ఉన్న నిష్పత్తి అది. పెన్సిలిన్‌కు ఈ దారి రాదారంత వెడల్పు. గుండెకు వాడే డిగాక్సిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, మానసిక వ్యాధికి ఇచ్చే లిథియం – వీటికి పొలం గట్టంత. అందుకే వీటిని రక్తపరీక్షలతో కనిపెట్టుకుంటూ ఉండాలి. డిగాక్సిన్ మాత్ర ఒకదానిలో ఉండేది 0.25 మిల్లీగ్రాము మాత్రమే. ఆ చుక్క ఎగిరిపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

ఈ లెక్క రైతు గుమ్మంలోనే ఉంది. పురుగుమందు డబ్బా మీద మూలమీద నిలబెట్టిన చతురస్రం, దాని కింది సగంలో రంగు ఉంటాయి. 1971 నాటి క్రిమిసంహారకాల నిబంధనల ప్రకారం ఆ రంగు నోటి ద్వారా తీసుకున్నప్పటి ఎల్.డి. 50ని, అంటే ప్రయోగ జంతువుల్లో సగం చనిపోయే మోతాదును, తెలియజేస్తుంది. కిలో బరువుకు 1 నుంచి 50 మిల్లీగ్రాములైతే ఎరుపు, 51 నుంచి 500 అయితే పసుపు, 501 నుంచి 5000 అయితే నీలం, అంతకు పైనైతే ఆకుపచ్చ. అంకె ఎంత చిన్నదైతే విషం అంత పెద్దది. మా నాయన ముప్పయ్యేళ్లుగా ఆ డబ్బాలు మోస్తున్నాడు. ఆ రంగేమిటని అడిగితే "కంపెనీ గుర్తు" అన్నాడు. చదువుకున్న కొడుకును, నేనూ అంతే అనుకున్నాను.

మరి రెండు మూతలు పోస్తే పురుగు రెండింతలు చస్తుందా? చావదు. సీట్లు దాదాపు నిండిన బస్సుకు ఇంకా జనాన్ని తోలితే ఏం లాభం? మోతాదు పెంచేకొద్దీ ఫలితం మొదట పెరిగి, తర్వాత ఒకచోట ఆగిపోతుంది. హాని మాత్రం ఆగదు. జ్వరానికి రెండు పారాసెటమాల్ మాత్రలు పనిచేస్తే నాలుగు బాగా పనిచేస్తాయనుకోవడం ఈ రెండో మూతే. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి రోజుకు 4 గ్రాములు హద్దు. జలుబు బిళ్లలో, ఒళ్లునొప్పుల బిళ్లలో కూడా అదే ఉంటుంది కాబట్టి పేర్లు వేరైనా లెక్క కలిపి చూసుకోవాలి.

తొట్టికి చిల్లు

మోతాదు ఎంత అన్నదొక ప్రశ్న. ఎన్ని గంటలకొకసారి అన్నది రెండోది. గొడ్లు తాగే తొట్టికి అడుగున చిల్లు ఉందనుకోండి. నిండుగా ఉన్నప్పుడు ధార పెద్దది, తగ్గేకొద్దీ సన్నబడుతుంది. చాలా మందులు ఒంట్లోంచి ఇలాగే పోతాయి. ఉన్నదానిలో సగం పోవడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. పారాసెటమాల్‌కు అది సుమారు రెండు నుంచి మూడు గంటలు. ఒంట్లో 500 మిల్లీగ్రాములు చేరాయనుకుంటే ఒక అర్ధాయువుకు 250, రెండింటికి 125, మూడింటికి 62, నాలుగింటికి 31, అయిదింటికి 16 మిగులుతాయి. అంటే అయిదు అర్ధాయువుల్లో దాదాపు ఖాళీ. రోజూ వేసుకునే మందు ఒంట్లో నిలకడ మట్టానికి రావడానికీ ఇంచుమించు అంతే కాలం పడుతుంది. "నిన్న మొదలెట్టాను, ఇంకా గుణం లేదు" అని రోగి అంటే కొన్ని మందుల విషయంలో ఈ లెక్క చెప్పి ఓర్పు నేర్పాలి. సారాయి మాత్రం ఈ లెక్కకు లొంగదు. కాలేయం దాన్ని గంటకింత అని కూలి లెక్కన మాత్రమే విరుస్తుంది. ఎంత తొందరగా తాగినా అంత తొందరగా దిగదు.

కాలం తప్పితే ఏమవుతుందో చెప్పడానికి మనవాడి పేరే చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ల్యాబ్ టెక్నాలజీ మిత్రులు చదివే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అదే. ఆ తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం చేసిన ఫోలిక్ ఆమ్లం పరిశోధనల నుంచే మెథోట్రెక్సేట్ జాతి మందులు వచ్చాయి. ఇది ఫోలిక్ ఆమ్లం వేషం వేసుకుని ఎంజైము దగ్గర చోటు ఆక్రమిస్తుంది. మళ్లీ మన కండువా కథే! క్యాన్సరుకు పెద్ద మోతాదుల్లోను, కీళ్లవాతానికి చిన్న మోతాదుల్లోను దీన్ని వాడతారు. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే. అదే మాత్రలు పొరపాటున రోజూ మింగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు అనేక దేశాల్లో ఉన్నారు. మందూ అదే, మాత్రా అదే. చీటీ మీద "వారానికి" అన్న ఒక్క మాట చదవకపోవడమే తేడా.

ఎవరి ఒళ్లు వారిదే

ఒకే మోతాదు అందరికీ ఒకటి కాదు. పసిపిల్లల కాలేయం ఇంకా పక్వం కాదు, ముసలివారి మూత్రపిండాలు నెమ్మదిస్తాయి. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్‌ను కొందరి ఒళ్లు గబగబా విరిచేస్తుంది, కొందరిది నిదానంగా. అది పుట్టుకతో వచ్చిన ఎంజైము తేడా. నిదానపు ఒళ్లున్నవారికి చేతులు, కాళ్లు తిమ్మిర్లెక్కే అవకాశం ఎక్కువ.

ప్రాణి మారితే ఈ తేడా ఇంకా ఘోరం. మన గొడ్లకు నొప్పులకు డైక్లోఫినాక్ సూది వేసేవారు. గొడ్డుకు ఏమీ కాదు. కానీ ఆ సూది పడ్డాక చచ్చిన గొడ్డును తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని అవి గుంపులు గుంపులుగా రాలిపోయాయి. కారణం తెలిశాక 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు నిషేధించారు. మా తాతకు గుర్తున్న రాబందును నేను బొమ్మలోనే చూశాను.

మన చేతిలో ఉన్నది

మందు రాసేది డాక్టరు కదా, మనకెందుకీ గొడవ అని కొందరు మిత్రులంటారు. రాసేవారొకరే, చూసేవారు పదిమంది. నాయన గాలిలో పత్తి తీస్తుంటే మొదట గుర్తుపట్టింది సిస్టర్.

నర్సింగు మిత్రులకు అయిదు సరిచూపులు నేర్పుతారు: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన సమయం. ఈ వ్యాసమంతా ఆ అయిదు మాటల వెనక ఉన్న "ఎందుకు" మాత్రమే.

ల్యాబ్ మిత్రులు డిగాక్సిన్ మట్టానికి రక్తం తీసేముందు మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అడగాలి. కనీసం ఆరు గంటలు గడవకపోతే అంకె తప్పుదారి పట్టిస్తుంది. వార్ఫరిన్, ఆస్పిరిన్ వాడేవారికి సూది తీశాక దూది ఇంకాస్సేపు నొక్కి ఉంచాలి. పురుగుమందు కేసుల్లో కోలినెస్టరేజ్ పరీక్ష చేసేదీ మీరే.

ఫిజియోథెరపీ మిత్రులు బీటా బ్లాకర్ వాడే రోగిని నడిపిస్తూ "నాడి పెరగలేదు, ఇంకా నడిపిద్దాం" అనుకోరాదు. ఆ మందు నాడిని పెరగనివ్వదు, రోగి మాత్రం అలిసిపోయి ఉంటాడు. రక్తపోటు మాత్రలు వాడేవారిని ఒక్కసారిగా లేపితే కళ్లు తిరుగుతాయి.

రేడియాలజీ మిత్రులు కాంట్రాస్టు ఎక్కించేముందు మూత్రపిండాల సంగతి, మెట్‌ఫార్మిన్ సంగతి, పూర్వం పడని మందుల సంగతి అడిగి డాక్టరుగారికి చెప్పాలి.

ఎవరికైనా పురుగుమందు పడితే బట్టలు విప్పండి, సబ్బుతో, ధారాళంగా నీళ్లతో కడగండి, మీ చేతులు కాపాడుకోండి, వాంతి చేయించకండి, సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

నాయన పదకొండో రోజున ఇంటికొచ్చాడు. ఆ ఏడు పత్తి మిగిలిందే తక్కువ. గొడ్లచావిడి గోడ మీద నాలుగు రంగుల అర్థం సున్నంతో రాశాను. మొదట్లో "మాకు చెప్పొచ్చాడు" అని నవ్వాడు. మొన్న సంక్రాంతికి ఇంటికి పోతే అమ్మకు జ్వరం. మాత్రల అట్ట చేతికిచ్చాను. నాయన దాన్ని వెలుతురుకు పట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, "ఎంతరా? ఎన్ని గంటలకొకటి?" అన్నాడు.

చెప్పాను. ఒక్కటే ఇచ్చి, మిగతా అట్ట దూలం మీద పెట్టాడు. ఆ రోజు చేలో నేను అడగాల్సిన ప్రశ్న అదే. ఆసుపత్రుల్లోకి అడుగుపెట్టబోతున్న మిత్రులారా, మీరు అడగడం మానకండి.